చలికాలపు పంట – విద్యార్థి పళ్ళెం

ఋతువుల ననుసరించి భుజించడం మన పూర్వులకు శాస్త్రంగా కాక అలవాటుగా సంక్రమించింది. వారు దొరికినదే తిన్నారు, దొరికే కాలంలోనే తిన్నారు. నేడు శీతల గిడ్డంగులు, రేయింబవళ్ళు నడిచే లారీలు వచ్చిన తరువాత దాదాపు ఏ పండైనా, ఏ కూరగాయైనా ఏ నెలలోనైనా దుకాణంలో కనబడుతున్నది. అందువల్ల “ఇది దేని కాలం?” అని అడిగే అవసరం తీరిపోయిందని మనం భావిస్తున్నాము. ఆ ప్రశ్నను తిరిగి అడగడం వల్ల, ముఖ్యంగా చలికాలంలో అడగడం వల్ల, విద్యార్థుల ఆరోగ్యానికీ వసతిగృహాల వ్యయానికీ కలిగే మేలును వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఈ విషయాన్ని చర్చించడానికి మన పరిసరాలకంటె తగిన చోటు లేదు. సికిందరాబాదు నుంచి కాచిగూడ వైపు పోయే రైలుమార్గంలో సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా అనే స్టేషన్లు వరుసగా వస్తాయి. మొదటిది చలికాలం తొలినాళ్ళ పండు పేరు మోస్తున్నది. రెండవది 1939లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనం పేరు. మూడవదానికి చేరువలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. మన దేశంలో పండే పండ్లలో, కూరలలో ఏ పోషకం ఎంత ఉన్నదో కొలిచి చెప్పిన సంస్థ అది. ఇంత దగ్గరలో వెలువడిన జ్ఞానం మన భోజనశాలలోకి ఎంతవరకు వచ్చిందని ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

తార్నాకలోని సంస్థ

ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆరంభమైంది. అదే సంవత్సరంలో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని గురించి పరిశోధించడానికి ఒక చిన్న విభాగాన్ని నెలకొల్పాడు. ఒక గదిలో పుట్టిన ఆ విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది.

భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు 1937లో కూనూరులో ఐక్రాయిడ్ పర్యవేక్షణలో తొలిసారి వెలువడ్డాయి. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు వాటిని విస్తరించి 1971లో గ్రంథంగా ప్రకటించారు. 2017లో దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు సేకరించి, 528 ఆహార పదార్థాలను కొత్త పద్ధతులలో విశ్లేషించి మరొక పట్టికను ప్రచురించారు. మన దేశంలో ఏ వైద్యుడైనా, ఏ వసతిగృహమైనా భోజన ప్రణాళిక వేసుకొనేటప్పుడు ఈ పట్టికలే ఆధారం.

ఆ పట్టికలలో విటమిన్-సి అంకెలను చూద్దాము. 1971 నాటి పట్టిక ప్రకారం ప్రతి 100 గ్రాములకు ఉసిరిలో 600 మిల్లీగ్రాములు, జామలో 212, నారింజలో 30, ఆపిల్‌లో 1 మిల్లీగ్రాము విటమిన్-సి ఉన్నాయి. 2017 నాటి కొత్త విశ్లేషణలో ఉసిరి విలువ 252కు తగ్గింది. కాయ రకాన్ని బట్టి, నేలను బట్టి, కొలిచే పద్ధతిని బట్టి అంకెలు మారడం సహజమే. జామ విలువ మాత్రం ఇంచుమించు అక్కడే నిలిచింది. 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం వయోజనులైన పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాముల విటమిన్-సి కావాలి. అంటే ఒక మధ్యరకం జామపండు ఒక్కరోజు అవసరానికి రెట్టింపుకు మించి సమకూరుస్తుంది. 40 గ్రాముల ఉసిరికాయ ఒక్కటి, తక్కువ అంకెను తీసుకొన్నప్పటికీ, ఆ అవసరాన్ని పూర్తిగా తీరుస్తుంది. రోగిని పరామర్శించడానికి వెళ్ళేటప్పుడు ఆపిల్ కొనుక్కొనిపోవడం మనకు మర్యాద. ఆపిల్ చెడ్డ పండు కాదు. కాని తార్నాక కూడలిలో తోపుడుబండి మీద దొరికే జామను దానికంటె తక్కువదిగా చూడడానికి శాస్త్రరీత్యా కారణం లేదు.

చలి పంటకు చేసే మేలు

చలికాలపు కూరలకు రుచి ఎక్కువ అనడం కేవలం అభిమానం కాదు. మొక్క పగలు సూర్యకాంతిలో చక్కెరను తయారు చేసుకొంటుంది. రాత్రి శ్వాసక్రియలో అందులో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఖర్చు ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. డిసెంబరులో హైదరాబాదు పగళ్ళు ఎండగానే ఉంటాయి, రాత్రులు మాత్రం సుమారు 15 డిగ్రీలకు దిగుతాయి. పగటి ఆదాయం తగ్గక, రాత్రి వ్యయం తగ్గినందువల్ల మిగిలినదే క్యారటులో, బఠాణీలో మనకు తీపిగా తెలుస్తున్నది.

కొన్ని పంటలకు చల్లదనం రుచికే కాక రూపానికి కూడా అవసరం. కాలీఫ్లవర్ పువ్వు గట్టిగా, తెల్లగా కట్టడానికి చల్లని వాతావరణం ఉండాలి. క్యారటుకు మంచి రంగు 15 నుంచి 20 డిగ్రీల మధ్య వస్తుంది. ఆ రంగే కెరోటిన్, మన శరీరంలో విటమిన్-ఎ గా మారేది అదే. కొత్తిమీర, పాలకూర, మెంతికూర ఎండలు ముదిరితే త్వరగా పూతకు వచ్చి ఆకు ముదురుతుంది. చలికాలంలో ఆకు లేతగా నిలుస్తుంది. జామకు ఏటా వానకాలపు కాపు, చలికాలపు కాపు అని ముఖ్యంగా రెండు కాపులు వస్తాయి. వానకాలపు కాయకు పండు ఈగ తాకిడి ఎక్కువ, రుచి చప్పన. చలికాలపు కాయ గట్టిగా, తియ్యగా ఉంటుంది, విటమిన్-సి కూడా దానిలోనే అధికం.

కోసిన తరువాత కూడా కాయలో, ఆకులో శ్వాసక్రియ ఆగదు. నీరు ఆవిరవుతుంది. బఠాణీలోని చక్కెర గంటలు గడిచినకొద్దీ పిండిగా మారుతుంది. ఆకుకూర వాడినకొద్దీ విటమిన్-సి క్షీణిస్తుంది. చేవెళ్ళ, శంకరపల్లి, ఇబ్రహీంపట్నం ప్రాంతాల తోటలలో కోసిన కూర ఆ మరునాటికే మన బజారుకు చేరుతుంది. దూరప్రాంతం నుంచి వచ్చినదానికి ఆ సౌలభ్యం లేదు. నిల్వచేసినదంతా నిస్సారమని మేము అనడం లేదు. కోసిన వెంటనే ఘనీభవింపజేసిన బఠాణీ, నాలుగు రోజులు బండి మీద వాడిన బఠాణీకంటె మేలే. కాలంలో దొరికే తాజా సరుకుకు మాత్రం ఈ రక్షణలేవీ అవసరం లేదు. అది చౌకగానే మంచిది.

ధర విషయం టమాటా చెబుతుంది. 2023 జూలైలో అనేక నగరాలలో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. అదే టమాటా చలికాలంలో పంట ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు కోత కూలి కూడా గిట్టక రైతు పారబోసిన సందర్భాలున్నాయి. పంట సమృద్ధిగా ఉన్నప్పుడు ఎక్కువగా కొనడం కొనేవారికి ఆదా, పండించినవారికి ఆసరా.

పదహారుమంది పిల్లలు, ఒక జామపండు

ఇంతవరకు చెప్పినది రుచికీ ధరకూ సంబంధించినది. ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ బాలికలలో 59 శాతం, బాలురలో 31 శాతం రక్తహీనతతో ఉన్నారు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఇది 57 శాతానికి పైగా ఉన్నది. అంటే మన తరగతి గదిలో కూర్చున్న విద్యార్థినులలో సగంకంటె ఎక్కువమందికి రక్తం చాలడం లేదని అనుకోవడానికి తగిన ఆధారమున్నది. మధ్యాహ్నపు తరగతిలో నిద్ర, మెట్లెక్కితే ఆయాసం, చదివినది నిలవకపోవడం — వీటన్నింటినీ మనం సోమరితనమని పిలుస్తున్నాము.

రక్తహీనతకు ముఖ్య కారణాలలో ఒకటి ఇనుము లోపం. మన భోజనంలో ఇనుము అసలు లేదనలేము. పప్పులో, ధాన్యంలో, ఆకుకూరలో ఉన్నది. కాని శాకాహారంలోని ఇనుమును మన ప్రేగులు స్వల్పంగానే గ్రహిస్తాయి. గింజలలోని ఫైటేట్లు, ఆకులలోని కొన్ని పదార్థాలు, టీలోని టానిన్లు దానిని కట్టిపడవేస్తాయి. విటమిన్-సి ఆ కట్టును సడలిస్తుంది. ఇది పుస్తకాలలో చాలాకాలంగా ఉన్న సంగతే. అయితే మన అన్నం, మన పప్పుతో ఇది ఎంతవరకు నిజం?

తార్నాక సంస్థ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానం వెదికి 2013లో ప్రచురించారు. రెండు ప్రభుత్వ వసతి పాఠశాలలకు చెందిన 13 నుంచి 15 ఏళ్ళ బాలబాలికలు పదహారుమందిని తీసుకొన్నారు. ఒకనాడు మామూలు అన్నపు భోజనం పెట్టారు. మరొకనాడు అదే భోజనంతోపాటు 100 గ్రాముల జామపండు పెట్టారు. శరీరానికి హాని చేయని ప్రత్యేకమైన ఇనుము ఐసోటోపును గుర్తుగా వాడి, పళ్ళెంలోని ఇనుములో ఎంత భాగం శరీరానికి అందిందో లెక్కకట్టారు. జామ లేని భోజనం నుంచి బాలికలు సగటున 9.7 శాతం, బాలురు 8.6 శాతం ఇనుమును గ్రహించారు. జామ ఉన్న భోజనం నుంచి బాలికలు 23.9 శాతం, బాలురు 19.2 శాతం గ్రహించారు.

ఈ ఫలితంలో గమనింపదగిన విషయం ఒకటున్నది. రెండు పళ్ళెాలలోనూ ఇనుము ఇంచుమించు సమానమే. ఖరీదైన ఆహారమేదీ చేర్చలేదు, మాత్ర ఇవ్వలేదు. ఒక పండును భోజనంతో కలిపి తినిపించినందువల్ల అందిన ఇనుము రెట్టింపు దాటింది. పదహారుమంది మీద కొద్ది పూటలు జరిపిన పరీక్ష ఇది. జామ తింటే రక్తహీనత నయమవుతుందని దీనినిబట్టి చెప్పరాదు. ఆ వ్యాధి ఉన్నవారు వైద్యుని చూడవలసిందే, ఇచ్చిన మాత్రలు వాడవలసిందే. కాని రోజూ తినే అన్నం వృథా కాకుండా చేసుకొనే ఉపాయం మాత్రం ఇందులో ఉన్నది. ఉసిరి పచ్చడి, నిమ్మరసం, కమలాపండు కూడా తమ విటమిన్-సి మేరకు ఇదే విధంగా తోడ్పడతాయి.

దీని నుంచి రెండు నియమాలు ఏర్పడుతున్నాయి. పండును సాయంకాలం విడిగా కాక భోజనంతోనే తినాలి. భోజనం ముగిసిన వెంటనే టీ తాగరాదు, కనీసం ఒక గంట ఆగాలి. మన నగరంలో ఇరానీ చాయ్‌ని వదులుకొమ్మని చెప్పే సాహసం మేము చేయము. దాని వేళ మార్చుకొంటే చాలు.

రెండు భాషల బజారు

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ మాట్లాడే విద్యార్థులు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. చలికాలపు బజారులో కూడా ఈ రెండు భాషలు కలిసే ఉన్నాయి. ఉత్తరాది ఉర్దూలో ‘అమ్రూద్’ అనే పండును మన దక్కనీలో ‘జామ్’ అంటారు. తెలుగువారికీ అది జామే. మెంతికూర మేథీ, పాలకూర పాలక్, చిక్కుడు సేమ్, ముల్లంగి మూలీ. ఒక ఇంట క్యారటు హల్వా అయితే మరొక ఇంట కూర అవుతుంది.

ఈ పంటల రాకను తెలుగు నెలలతో గుర్తుపెట్టుకోవడం సులభం. ఆశ్వయుజ, కార్తీకాలలో మహబూబ్‌నగర్ కొండల నుంచి సీతాఫలం వస్తుంది. ప్రసిద్ధమైన బాలానగర్ రకానికి ఆ ప్రాంతంలోని ఊరి పేరే వచ్చింది. కార్తీకంలో ఉసిరి. వనభోజనాలు ఉసిరిచెట్టు నీడన జరపడం ఆనవాయితీ. మార్గశిర, పుష్యాలలో జామ, కమలాపండు, చిక్కుడు, పచ్చి కందికాయలు, బఠాణీ, ముల్లంగి, క్యారటు, కాలీఫ్లవర్, ఆకుకూరలన్నీ నిండుగా ఉంటాయి. సంక్రాంతికి రేగుపళ్ళు. భోగినాడు పసిపిల్లల తలమీద పోసేవి అవే. మాఘంలో శివరాత్రి నాటికి చిలగడదుంప, దానినే తెలంగాణలో కందగడ్డ అంటాము. అప్పటికే ద్రాక్ష మొదలై చలికాలం సెలవు తీసుకొంటుంది.

హిజ్రీ నెలలు చాంద్రమానం ప్రకారం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి గనుక ఇఫ్తారు పళ్ళెంలోని పండ్లు కూడా ఏటేటా మారతాయి. రానున్న 2030లో రంజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి ఆరంభం కానున్నది. ఆ రెండుసార్లూ ఖర్జూరం పక్కన జామ, కమలా సహజంగా చేరగలవు. ఏ పంచాంగాన్ని అనుసరించినా నేల పండించే క్రమం అందరికీ ఒక్కటే.

కొన్ని సందేహాలు

చలికాలంలో జామ, కమలా తింటే జలుబు చేస్తుందని ఇంట్లో పెద్దలు వారిస్తారు. జలుబు వైరస్‌ల వల్ల, ఒకరి నుంచి మరొకరికి సోకడం వల్ల వస్తుంది. చలిలో మూసిన గదులలో గుంపుగా కూర్చోవడం వల్ల ఆ వ్యాప్తి పెరుగుతుంది. అదే కాలంలో జామ కూడా వస్తున్నందువల్ల నింద పండు మీద పడింది. కడగని పండు, ఎప్పుడో కోసి ఈగలు వాలిన ముక్కలు మాత్రం నిజంగానే ప్రమాదకరం. పండును నిండుగా కొని, కడిగి, తినేటప్పుడే కోసుకోవాలి.

జామ గింజలు ప్రేగులో చిక్కుకొంటాయన్న భయం కూడా ఆరోగ్యవంతులకు అక్కరలేదు. గింజలతో కూడిన పీచు మలబద్ధకాన్ని నివారించడానికి ఉపకరిస్తుంది. మధుమేహం ఉన్నవారు సీతాఫలం వంటి తీపి పండ్లను వైద్యుని సలహా మేరకు పరిమితంగా తినాలి.

వంట విషయంలో కూడా కొంత శ్రద్ధ అవసరం. కూరగాయలను కోసిన తరువాత కడిగితే నీటిలో కరిగే విటమిన్లు నీటితో పోతాయి. ముందు కడిగి, తరువాత పెద్ద ముక్కలుగా కోయాలి. కొద్ది నీటితో, మూతపెట్టి ఉడికించాలి. ఉడికిన నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలపాలి. రంగు కోసం వంటసోడా వేయరాదు. క్యారటు, ఆకుకూరలలోని కెరోటిన్ శరీరానికి అందాలంటే కొద్దిగా నూనె ఉండాలి కనుక చెంచాడు నూనెతో తాలింపు పెట్టడం దోషం కాదు.

కళాశాల పాలకసంఘం వారికి మనవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినవలసిందని చెప్పింది. తార్నాక సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శక సూత్రాలు పళ్ళెంలో సగభాగం కూరగాయలకు, పండ్లకు, ఆకుకూరలకు, దుంపలకు కేటాయించమంటున్నాయి. వసతిగృహాలలో సాధారణంగా సగానికి మించి అన్నమే ఉంటుంది. వారపు జాబితా ఒకసారి గోడకెక్కితే ఏడాది పొడుగునా మారదు. జూన్‌లో ఏ కూర వండుతారో డిసెంబరులోనూ అదే. ధర ఎక్కువైన నెలలో కూర పలచబడుతుంది, ధర తగ్గిన నెలలో మాత్రం చిక్కబడదు.

ఈ కారణంగా మేము నాలుగు సూచనలు చేస్తున్నాము. మొదటిది, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మధ్యాహ్న భోజనంతో ఒక జామపండు గాని, కార్తీకంలో ఉసిరి పచ్చడి గాని, అవి లేనినాడు నిమ్మచెక్క గాని వడ్డించాలి. రెండవది, కూరల జాబితాను ఋతువును బట్టి ఏడాదికి కనీసం మూడుసార్లు మార్చాలి. ఆ మార్పును మోండా మార్కెట్టులో గాని, రైతుబజారులో గాని సరుకు రాకను చూసి విద్యార్థి ప్రతినిధులు, వంటవారు కలిసి నిర్ణయించాలి. మూడవది, వారంలో మూడు రోజులైనా ఆకుకూర పప్పు ఉండాలి. నాలుగవది, భోజనశాలలో మధ్యాహ్నపు టీని భోజనానంతరం ఒక గంటకు మార్చాలి. వీటిలో నాలుగవదానికి ఖర్చే లేదు. రెండవది ఖర్చును తగ్గిస్తుంది. మొదటిదానికి అయ్యే వ్యయం రెండవదాని ఆదాలో నుంచి చాలావరకు పూడుతుందని మా నమ్మకం.

వసతిగృహంలో లేని విద్యార్థులు కూడా కొంత చేయగలరు. సాయంత్రం సమోసాకో బిస్కట్ల పొట్లానికో ఇచ్చే సొమ్ముతో చలికాలంలో జామపండు కొనుక్కోవచ్చు. దానిని దాచి మరునాడు మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు అన్నంతో తినవచ్చు. ఇంట్లో తల్లికీ, చెల్లికీ ఈ సంగతి చెప్పడం మరింత అవసరం. రక్తహీనత వారిలోనే ఎక్కువ. ఇంటిల్లిపాదికీ పండు పంచి, చివరకు తమకు మిగల్చుకోనివారు కూడా వారే.

మన కళాశాలకు ఇంత చేరువలో వెలువడిన పరిశోధనను మనమే వినియోగించుకోకపోవడం తగదు. రాబోయే చలికాలంలో ఒక్క నాలుగు నెలలు ఈ పద్ధతిని ఆచరించి, ఖర్చు లెక్కలను, వీలైతే వైద్యశిబిరంలో చేసిన రక్తపరీక్షల ఫలితాలను వచ్చే వార్షిక సంచికలో ప్రకటించవలసిందిగా పాలకసంఘం వారినీ, విద్యార్థి మిత్రులనూ కోరుతున్నాము.